గొడవ సరే, తీర్మానం ఏమైంది? (ఊరి సమావేశాల వార్తల గురించి యువ విలేకరులతో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకు వచ్చి కూర్చోండి, ఇక్కడ కింద చాలా చోటుంది. మీలో కొందరు పేపర్లకు రాస్తున్నారు, కొందరు మండలం పేరుతో యూట్యూబ్ చానల్ నడుపుతున్నారు, కొందరు ఊరి వాట్సాప్ గ్రూపులో నాలుగు విషయాలు పెట్టి ఊరుకునేవాళ్లు. ముగ్గురికీ నేను చెప్పేది ఒకటే కాబట్టి విడివిడిగా చెప్పను.

ఏ పేపరైనా సరే, జిల్లా పేజీ తీయండి. ‘వాడీవేడిగా మండల సర్వసభ్య సమావేశం’, ‘రసాభాసగా కౌన్సిల్’, ‘మొక్కుబడిగా గ్రామసభ’, ‘అధికారుల డుమ్మా, సభ్యుల ఆగ్రహం’. నేను మండల విలేకరిగా ఉన్నప్పుడు కూడా ఇవే శీర్షికలు, ఇప్పుడూ ఇవే. లోపల ఎవరు ఎవర్ని నిలదీశారు, ఎవరు ఎజెండా ప్రతులు చించారు, ఎవరు వాకౌట్ చేశారు, పోలీసులు ఎప్పుడొచ్చారు, అన్నీ ఉంటాయి. వార్త అంతా చదివాక ఒక్క ప్రశ్న వేసుకోండి. నిన్న ఆ గదిలో మన డబ్బు ఎంత, దేనికి ఖర్చు పెట్టాలని నిర్ణయం జరిగింది? చాలాసార్లు జవాబు దొరకదు. గొడవ జరుగుతుండగానే, లేదా గొడవ చేసినవాళ్లు బయటికి వెళ్లిపోయాక, మిగిలినవాళ్లు అంశాలన్నీ గంపగుత్తగా ఆమోదించేసి టీ తాగి వెళ్లిపోతారు. ఆ ఆమోదం పొందిన అంశాలే వచ్చే ఆరు నెలలు మన వీధిలో కనిపించేవి. ఏ కాలువ తవ్వుతారు, ఏ బోరు బాగుచేస్తారు, ఏ పన్ను పెంచుతారు, ఎవరి ఇంటి ముందు లైటు పెడతారు, అన్నీ అక్కడే తేలిపోతాయి. అదే వార్తలో ఉండదు.

గొడవ రాయొద్దని అనడం లేదు. మంచినీళ్లు రాక ఒక వార్డు మెంబరు ఖాళీ బిందెతో వచ్చి కూర్చుంటే అది తప్పకుండా వార్తే. కానీ ఆ బిందెకు అధికారులు ఏం సమాధానం చెప్పారు, ఎప్పటిలోగా చేస్తామన్నారు, అది తీర్మానాల పుస్తకంలోకి ఎక్కిందా లేదా అన్నది రాయకపోతే ఆ మెంబరు పడ్డ శ్రమ ఫొటోతోనే అయిపోతుంది.

ముందు హక్కు సంగతి మాట్లాడుకుందాం, ఎందుకంటే ‘మమ్మల్ని లోపలికి రానివ్వరు’ అని చాలామంది అంటారు. గ్రామసభ అంటే సర్పంచి దయ తలచి పెట్టే మీటింగ్ కాదండీ. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం పంచాయతీ పరిధిలో ఓటరు జాబితాలో పేరున్న ప్రతి మనిషీ గ్రామసభ సభ్యుడే, సభ్యురాలే. మీరు విలేకరిగా కాకపోయినా, ఓటరుగా మీ ఊరి గ్రామసభలో కూర్చోవచ్చు, అడగొచ్చు, రాసుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 1994 పంచాయతీరాజ్ చట్టం ఏడాదికి కనీసం రెండుసార్లు గ్రామసభ జరపాలంది. తెలంగాణలో 2018 చట్టం రెండు నెలలకోసారి జరపాలంది. లెక్కలు, ఆడిట్ నివేదిక, వచ్చే ఏడాది చేయబోయే పనులు, కొత్త పన్నులు, పథకాలకు లబ్ధిదారుల ఎంపిక, ఇవన్నీ గ్రామసభ ముందుకు రావాల్సిన విషయాలు. మున్సిపాలిటీలకు 74వ సవరణ వచ్చింది, 1993 జూన్ 1 నుంచి అమలైంది. పల్లెకూ పట్నానికీ మధ్యలో ఉండే ఊళ్లకు నగర పంచాయతీ అనే ఏర్పాటు అందులోదే. మీలో సగం మంది అలాంటి ఊళ్ల నుంచే వచ్చారు. అక్కడ పేరుకు పట్టణం, పనులన్నీ పల్లె పనులే. అయితే ఒక తేడా ఉంది. నగర పంచాయతీ అయ్యాక గ్రామసభ పోతుంది. కౌన్సిల్ సమావేశంలో జనం సభ్యులు కారు, మాట్లాడేది కౌన్సిలర్లే. అందుకే చిన్న పట్టణాల్లో విలేకరి పని ఇంకా పెరుగుతుంది, జనం తరఫున ఆ గదిలో ఉండే కళ్లు చాలాసార్లు ఆ ఒక్క మనిషివే.

చట్టం ఉంది సరే, సభ ఎలా జరుగుతుందో మీకూ తెలుసు. పొద్దున దండోరా వేయించి, పదకొండింటికి సభ అంటారు. ఆ టైముకు కూలికెళ్లేవాళ్లు చేలో ఉంటారు. వచ్చేది సర్పంచి మనుషులు, కార్యదర్శి, అంగన్‌వాడీ టీచరు, ఆశా కార్యకర్త, ఇంకో పది మంది. రిజిస్టరులో మాత్రం చాలినన్ని సంతకాలు కనిపిస్తాయి, ఎందుకంటే తర్వాత రిజిస్టరే ఇంటింటికీ వెళ్తుంది. ఇది రాయాలంటే పెద్ద పరిశోధన అక్కర్లేదు. సభ మొదలైనప్పుడు ఒక తలలెక్క, ముగిసినప్పుడు ఒక తలలెక్క వేసి, వారం తర్వాత రిజిస్టరులో ఎన్ని సంతకాలున్నాయో చూసి, మూడు అంకెలూ పక్కపక్కన రాయండి చాలు. విశేషణాలు ఒక్కటీ వద్దు. ‘మొక్కుబడిగా’ అని రాస్తే కార్యదర్శి పట్టించుకోరు. అంకెలు రాస్తే అడుగుతారు, వివరణ ఇస్తారు, తర్వాతి సభకు టైము మారుస్తారు.

గ్రామసభ అనుకుంటే ఎంత పెద్ద పని చేయగలదో ఒక ఉదాహరణ చెప్పి ముందుకు వెళ్తాను. ఒడిశాలో నియమగిరి కొండల మీద బాక్సైట్ తవ్వకాల విషయం 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు గ్రామసభలకే వదిలింది. ఆ ఏడాదే పన్నెండు ఊళ్లలో సభలు జరిగాయి, జిల్లా జడ్జి హోదా ఉన్న న్యాయాధికారి దగ్గరుండి చూశారు, పన్నెండుకు పన్నెండూ వద్దన్నాయి. కొండ నిలిచింది. మన దగ్గర అనంతగిరి మండలం బొర్రా ప్రాంతం నుంచి మొదలైన, గిరిజనుల తరఫున సమతా అనే సంస్థ వేసిన కేసులో 1997లో వచ్చిన తీర్పు కూడా ఏజెన్సీ భూముల మీద గనుల కంపెనీలకు అడ్డుకట్ట వేసింది. గ్రామసభకు ఏం అధికారం ఉంటుందిలే అని ఎవరైనా అంటే నియమగిరి సంగతి చెప్పండి. ఆ పన్నెండు ఊళ్లలో ఎవరెవరు ఏం మాట్లాడారో కాగితం మీదికి ఎక్కింది, బయటి పత్రికలు వెళ్లి కూర్చున్నాయి. అది లేకపోతే పన్నెండు ఊళ్ల మాట ఢిల్లీ దాకా అంత గట్టిగా వెళ్లేది కాదు.

ఇప్పుడు అసలు పనికి వద్దాం. ఎజెండా. కౌన్సిల్ సమావేశానికి కొన్ని రోజుల ముందు సభ్యులకు ఎజెండా ప్రతి పంపుతారు. దాన్ని సంపాదించండి. ఏదో ఒక పక్షం కౌన్సిలరు మీకు ఇస్తారు, అది రహస్య పత్రమేమీ కాదు. ఇరవై ముప్పై పేజీలు ఉంటుంది, భాష ఇబ్బంది పెడుతుంది, ఒక్కో అంశం నాలుగు లైన్ల పొడుగు వాక్యం, చివర్లో ‘కౌన్సిల్ వారి ఆమోదం నిమిత్తం’. చాలామంది విలేకరులు ఇది చూసి పక్కన పెట్టేస్తారు, సమావేశానికి వెళ్లి ఎవరైనా అరిస్తే రాసుకుందామని కూర్చుంటారు. మీరు అలా చేయొద్దు. ఒక అంశం ఎలా చదవాలో చూపిస్తాను. ఇది నేను నమూనాకు రాసుకొచ్చింది, ఏ ఊరిదీ కాదు.

‘అంశం 14. 6వ వార్డులో ఫలానా వారి ఇంటి నుంచి ప్రధాన కాలువ వరకు సీసీ డ్రెయిన్ నిర్మాణానికి రూ.4.90 లక్షల అంచనా, సాధారణ నిధుల నుంచి.’ దాని కిందనే ‘అంశం 15. అదే వార్డులో ఫలానా వారి ఖాళీ స్థలం నుంచి ఫలానా వారి ఇంటి వరకు సీసీ డ్రెయిన్, రూ.4.85 లక్షలు.’

మొదట కంట్లో పడాల్సింది ఇవి రెండూ ఒకే వీధా అన్నది. ఒకే కాలువను రెండు ముక్కలు చేశారంటే ఎందుకు చేశారో అడగాలి. పని విలువ ఒక పరిమితి దాటితే టెండరు పిలవాలి, దాటకపోతే నామినేషన్ మీద, అంటే పోటీ లేకుండా నేరుగా ఒకరికి ఇచ్చుకోవచ్చు. ఆ పరిమితి కిందికి దిగేలా పనిని కోయడం ఊళ్లలో అందరికీ తెలిసిన పద్ధతే. అన్నిసార్లూ అదే కారణం కాకపోవచ్చు, నిజంగానే మధ్యలో రోడ్డు అడ్డం ఉండొచ్చు. అందుకే వెళ్లి చూడాలి. రెండోది, ఆ ‘ఖాళీ స్థలం’ ఏమిటి? అక్కడ ఇళ్లున్నాయా లేక ఎవరిదైనా వెంచరా? ఇళ్లు లేని ప్లాట్లకు ముందే కాలువ, రోడ్డు వెళ్లిపోయి, పాతికేళ్ల నుంచి జనం ఉంటున్న బీసీ కాలనీలోనో ఎస్సీ కాలనీలోనో మురుగు నిలబడి ఉంటే, అంతకంటే పెద్ద వార్త ఆ నెలలో మీకు దొరకదు. మూడోది, ‘సాధారణ నిధులు’ అంటే మనం కట్టిన ఇంటి పన్ను, నీటి పన్ను, సంతల వేలం డబ్బు. అందులోంచి ఈ నెలలో ఇంకా దేనికి తీశారో కలిపి కూడితే మొత్తం ఎంతవుతుంది, ఖాతాలో అంత ఉందా? డబ్బు లేకుండా ఆమోదించిన పనులు కాంట్రాక్టర్ల బిల్లుల బకాయిలుగా మారతాయి. ఒకటి రెండేళ్ల తర్వాత పారిశుద్ధ్య కార్మికుల జీతాలు ఆగినప్పుడు ‘నిధుల లేమి’ అని రాస్తాం. ఆ లేమి ఎక్కడ మొదలైందో ఎజెండాలోనే ఉంటుంది.

ఇంకో రెండు రకాల అంశాలు ప్రత్యేకంగా చూడండి. ఒకటి ముందస్తు అనుమతులు, వాటి ర్యాటిఫికేషన్. చైర్‌పర్సన్ అత్యవసరమని ముందే అనుమతి ఇచ్చి, తర్వాత కౌన్సిల్ ముందు పెట్టేవి. మోటారు రిపేర్లు, బ్లీచింగ్ పౌడరు, చెత్త ట్రాక్టరు డీజిలు, వీధి లైట్ల సామాను, ట్యాంకర్ల అద్దె, ఎక్కువగా ఇవే ఉంటాయి. ఒక్కోటి చిన్న మొత్తమే. కానీ ఖర్చు అయిపోయాక వచ్చిన అంశాన్ని కౌన్సిల్ వద్దన్నా ఒరిగేదేమీ లేదు. కాబట్టి నెలనెలా ఎన్ని అంశాలు ఇలా వస్తున్నాయో ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటూ పోండి. ఒకే మోటారు ఏడాదిలో ఎన్నిసార్లు కాలిందో మీ నోట్‌బుక్కే చెబుతుంది. రెండోది టేబుల్ ఎజెండా. ముందు పంపిన ప్రతిలో లేకుండా సమావేశం రోజు అప్పటికప్పుడు బల్ల మీద పెట్టే అంశాలు. అత్యవసరమైనవి ఉంటే ఉంటాయి, నేను కాదనను, వరదో అంటువ్యాధో వస్తే నోటీసు ఇచ్చి కూర్చోవడానికి టైముండదు. కానీ షాపుల లీజు పొడిగింపు అత్యవసరం ఎలా అవుతుంది? లీజు గడువు ఎప్పుడు ముగుస్తుందో ఏళ్ల ముందే తెలుసు. టేబుల్ ఎజెండాలో ఏం వచ్చిందో ఆ రోజే రాయండి, మర్నాటికి ఆగొద్దు.

తీర్మానాల పుస్తకం గురించి కూడా చెప్పాలి. అవకాశం దొరికితే ఆ పుస్తకం కళ్లారా చూడండి. చివరి తీర్మానం రాసిన లైనుకూ, సభ్యుల సంతకాలు మొదలైన చోటుకూ మధ్య ఎంత ఖాళీ ఉందో చూడండి. నాలుగు వేళ్ల ఖాళీ వదిలి కింద సంతకాలు తీసుకున్నారంటే ఆ ఖాళీలోకి ఏదైనా రావచ్చు. కొన్నిచోట్ల ముందు సంతకాలే ఉంటాయి, తీర్మానం తర్వాత తీరిగ్గా రాస్తారు. వార్డు మెంబర్లకు నేను ఎప్పుడూ చెప్పే మాట, ముఖ్యంగా మొదటిసారి గెలిచిన ఆడవాళ్లకు: అమ్మా, సంతకం పెట్టే ముందు చివరి తీర్మానం నంబరు చదివించుకోండి, ఆ నంబరు మీ సంతకం పక్కన వేయండి. అంతే. దానికి చదువు ఎక్కువ అక్కర్లేదు, ఎవరితో తగాదా పడక్కర్లేదు.

ఆడవాళ్ల మాట వచ్చింది కాబట్టి ఇది కూడా చెప్పేస్తాను, మనసులో పెట్టుకుని వెళ్లలేను. రెండు రాష్ట్రాల్లోనూ స్థానిక సంస్థల్లో సగం సీట్లు మహిళలవి. సమావేశంలో సర్పంచి కుర్చీలో ఆమె ఉండాలి, పక్క కుర్చీలో భర్త ఉంటాడు, మాట్లాడేది అతను, మర్నాడు పేపర్లో ‘సర్పంచి ఫలానా’ అని అతని పేరే వస్తుంది. ఆ పేరు రాసింది మనం. ఎన్నిక కాని మనిషిని మన చేత్తో మనమే పదవిలో కూర్చోబెడుతున్నాం. ఇకనుంచి ఎవరు ఎన్నికయ్యారో వాళ్ల పేరే రాయండి, వాళ్లనే ప్రశ్న అడగండి, జవాబు వాళ్ల నోటి నుంచి వచ్చేదాకా ఆగండి. మొదట్లో ఆమె ఇబ్బంది పడొచ్చు. రెండోసారికి తనే కాగితాలు చదువుకుని వస్తుంది. నేను చూశాను.

డబ్బు గురించి కొంచెం. పంచాయతీలకు కేంద్రం నుంచి వచ్చే ముఖ్యమైన సొమ్ము ఆర్థిక సంఘం గ్రాంటు. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు దేశంలోని గ్రామీణ స్థానిక సంస్థలకు 2,36,805 కోట్లు సిఫార్సు చేసింది. ఆ ఐదేళ్లకు పెట్టిన నియమం ప్రకారం అందులో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యం లాంటి వాటికే వాడాలి, మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి. జీతాలకు వాడకూడదు. ఈ మూడు విషయాలు తెలిసి ఉంటే చాలు, గ్రామసభలో మీరు వేసే ప్రశ్న మారిపోతుంది. ‘ఊరికి ఏం చేశారు’ అని అడిగితే ఉపన్యాసం వస్తుంది. ‘తాగునీరు, పారిశుద్ధ్యం వాటాలో ఈ ఏడాది ఎంత వచ్చింది, తాగునీటికి ఎంత ఖర్చయింది’ అని అడిగితే అంకె రావాలి. రాకపోతే మీ ఫోన్లోనే చూసుకోవచ్చు. 2020 ఏప్రిల్ 24న మొదలైన ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్‌లో మీ పంచాయతీ పేరు కొడితే ప్రణాళికలో ఏ పనులు పెట్టారు, ఎంత చెల్లించారు అన్నది కనిపిస్తుంది. సభలో చెప్పిన లెక్క, పోర్టల్‌లో ఉన్న లెక్క, వీధిలో కనిపిస్తున్న పని. ఈ మూడూ కలవకపోతే అక్కడ వార్త ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో చాలా పంచాయతీల ఖాతాల్లోని ఆర్థిక సంఘం నిధులు విద్యుత్ బకాయిల కింద పోయాయని సర్పంచులు పార్టీలకు అతీతంగా రోడ్డెక్కారు, మీకు గుర్తుండే ఉంటుంది. ఖాతాలో ఎంతుందో చూసుకునే అలవాటు ఉన్నవాళ్లకే అది ముందు తెలిసింది.

ఎన్నికైన పాలకవర్గం లేని కాలం ఇంకా జాగ్రత్తగా చూడాల్సిన కాలం. ఆంధ్రప్రదేశ్ పంచాయతీలకు 2018 ఆగస్టులో గడువు ముగిస్తే ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో జరిగాయి. తెలంగాణలో 2024 ఫిబ్రవరి మొదట్లో ముగిస్తే 2025 డిసెంబరులో జరిగాయి. గడువు ముగిసేలోపే ఎన్నికలు పెట్టాలని రాజ్యాంగంలో ఉంది. ఆ మధ్యకాలమంతా ప్రత్యేకాధికారుల పాలన. ఒక్కో అధికారికి సొంత శాఖ పని, దాని మీద కొన్ని పంచాయతీలు. సమావేశం లేదు, ఎదురు ప్రశ్న వేసే మెంబరు లేడు, పాలకవర్గం లేదని కేంద్రం గ్రాంటూ ఆగుతుంది. అలాంటప్పుడు విలేకరులు కూడా ‘సమావేశమే లేదు కదా, ఏం రాయాలి’ అనుకుంటారు. అప్పుడే కదండీ రాయాల్సింది. నిర్ణయాలు ఆగవు, తలుపు మాత్రం మూసుకుంటుంది.

తలుపు మూసుకుంటే ఏమవుతుందో చెప్పడానికి బయటి దేశం నుంచి ఒక ఉదాహరణ తెచ్చాను. అమెరికాలో, కాలిఫోర్నియాలో బెల్ అని ఒక చిన్న పట్టణం ఉంది, పేద కార్మిక కుటుంబాలే ఎక్కువ. 2010లో లాస్ ఏంజెలెస్ టైమ్స్ విలేకరులు ఇద్దరు అక్కడి పట్టణ మేనేజరు మూల జీతం ఏడాదికి 7,87,637 డాలర్లు అని బయటపెట్టారు, అంటే అప్పటి అమెరికా అధ్యక్షుడి జీతానికి దాదాపు రెట్టింపు. తర్వాత కేసులయ్యాయి, శిక్షలు పడ్డాయి, ఆ పత్రికకు 2011లో అక్కడి పెద్ద పత్రికా పురస్కారం పులిట్జర్ వచ్చింది. కానీ అన్నేళ్లు అది ఎలా సాగిందంటే, ఆ ఊరి కౌన్సిల్ సమావేశాలకు క్రమం తప్పకుండా వెళ్లే విలేకరి లేడు. దొంగతనం చాలా తెలివిగా జరగలేదు. చూసేవాడు లేడు, అంతే.

మన దగ్గర చూసేవాళ్లు లేకపోలేదు. 1974లో విశాఖపట్నంలో మొదలైన ఈనాడు 1989లో జిల్లా అనుబంధాలు తెచ్చాక, మిగతా పత్రికలూ అదే దారి పట్టాక, మండలానికో విలేకరి వచ్చాడు. అంతకు ముందు ఊరి బోరు చెడిపోతే పేపర్లో రావడమన్నది ఊహించలేని విషయం. ఆ మార్పు విలువ తక్కువది కాదు, ఎన్నో ఊళ్లకు నీళ్లు, బస్సులు, కరెంటు స్తంభాలు ఆ నాలుగు లైన్ల వార్తల వల్ల వచ్చాయి. అయితే ఆ మండల విలేకరి బతుకు ఎలా ఉందో మీకు నేను చెప్పక్కర్లేదు. రాసిన దాన్ని కొలిచి ఇచ్చే కొద్దిపాటి డబ్బు, పైగా పండగలకూ నాయకుల పుట్టినరోజులకూ ప్రకటనలు తేవాలన్న టార్గెట్. ప్రకటన ఇచ్చేది ఎవరు? ఆ సర్పంచే, ఆ చైర్‌పర్సనే, ఆ కాంట్రాక్టరే. పొద్దున ఎవరి దగ్గర ప్రకటన అడిగాడో మధ్యాహ్నం వాళ్ల ఎజెండాలో 14, 15 అంశాల గురించి అడగడం ఎంత కష్టమో ఆలోచించండి. దానికి విలేకరిని తిట్టి లాభం లేదు, ఆ ఏర్పాటే తప్పు. జీతం ఇవ్వని యాజమాన్యం నిజం అడగడానికి వీల్లేదని నేను ఎక్కడైనా చెబుతాను. ఆ ఏర్పాటు ఎప్పుడు మారుతుందో అని కూర్చోకుండా, ప్రకటనలతో పనిలేని మీలాంటివాళ్లు, వాట్సాప్‌లో రాసేవాళ్లు, లైబ్రరీకొచ్చే రిటైర్డ్ మాస్టార్లు, డిగ్రీ పిల్లలు, ఆ గదిలో కూర్చోవాలని నా కోరిక. ఇందుకు లోగో ఉన్న మైకు అక్కర్లేదు. అసలు మైకు చూడగానే మాట్లాడేవాళ్లు మైకు కోసం మాట్లాడతారు. నోట్‌బుక్‌తో కూర్చుంటే పని గురించి మాట్లాడతారు.

రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీల, రైతుల సంఘం వాళ్లు చేసింది ఇదే. 1994 డిసెంబరు 2న కోట్ కిరానా అనే ఊళ్లో జనసున్వాయి, అంటే బహిరంగ విచారణ పెట్టి, పనుల లెక్కలు, మస్టర్ల (కూలీల హాజరు పట్టీల) కాగితాలు జనం ముందు గట్టిగా చదివారు. ఫలానా వాళ్లు ఇన్ని రోజులు పని చేశారు, ఇంత కూలి తీసుకున్నారు అని చదువుతుంటే, ఆ పేరున్న మనుషులు లేచి, ఆ పనికి మేము వెళ్లనేలేదు అన్నారు. అక్కడ మొదలైన పోరాటమే 2005 సమాచార హక్కు చట్టం దాకా వచ్చింది. తర్వాత ఉపాధి హామీ పనుల సామాజిక తనిఖీలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశానికే దారి చూపించింది. ఊళ్లో ఇంటింటికీ తిరిగి లెక్క సరిచూసి, మండల కేంద్రంలో ప్రజావేదిక మీద చదివేవారు. కొత్త సిద్ధాంతం ఏమీ లేదు ఇందులో. ఉన్న కాగితాన్ని, దానితో సంబంధం ఉన్న మనుషుల ముందు, అందరికీ వినపడేలా చదవడం.

కాగితం ఇవ్వకపోతే? సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మన రెండు రాష్ట్రాల్లో గ్రామ స్థాయి కార్యాలయానికి దరఖాస్తు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రావాలి. ఒక్క జాగ్రత్త, ‘పంచాయతీలో అవినీతి వివరాలు ఇవ్వండి’ అని అడగొద్దు, అలాంటి కాగితం ఏ ఆఫీసులోనూ ఉండదు. ‘ఫలానా తేదీన జరిగిన సమావేశపు ఎజెండా, హాజరు పట్టీ, తీర్మానాల నకలు, ఫలానా పనికి సంబంధించిన అంచనా, ఎం.బుక్ నకళ్లు’ అని అడగండి. ఎం.బుక్ అంటే పని కొలతల పుస్తకం. అందులో కాలువ లోతు, వెడల్పు, పొడవు ఉంటాయి. టేపు పట్టుకుని వెళ్లి కొలిచి చూడటానికి ఇంజినీరింగ్ చదవక్కర్లేదు.

ఇప్పుడు ఎలా రాయాలి అన్నది. 2024 ఆగస్టు 23న ఆంధ్రప్రదేశ్‌లో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టారు. మర్నాడు పేపర్లలో రికార్డు గురించి వచ్చింది, ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ మైసూరావారిపల్లిలో ఏం మాట్లాడారో వచ్చింది, రావాలి కూడా. కానీ ఆ రోజు మీ ఊళ్లో ఏ పనులకు తీర్మానం చేశారు? ఆ జాబితా ఎవరైనా దాచుకున్నారా? మిగిలిన వార్త అంతా రాష్ట్ర విలేకరులు రాస్తారు. మీ ఊరి పనుల జాబితా మీరు తప్ప ఇంకెవరూ రాయరు. ఆ జాబితా రాసి పెట్టుకున్నవాడు ఏడాది తర్వాత అదే తేదీకి ఒక్కో పని దగ్గరికి వెళ్లి, అయ్యింది, కాలేదు, సగమైంది అని రాస్తే చాలు. అంతకంటే చదివించే వార్త ఉండదు, ఎందుకంటే ప్రతి లైనులోనూ చదివేవాడి వీధి ఉంటుంది. అలాగే 2025 జనవరిలో తెలంగాణ గ్రామసభల్లో ఇందిరమ్మ ఇళ్లకు, రేషన్ కార్డులకు లబ్ధిదారుల జాబితాలు చదివినప్పుడు చాలా ఊళ్లలో ‘మా పేరు ఎందుకు లేదు’ అని నిలదీశారు. నిలదీసిన సంగతి వార్త అయింది. మళ్లీ దరఖాస్తు పెట్టుకోమన్నారు కదా, పెట్టినవాళ్లలో ఎంతమందికి వచ్చింది అన్నది ఊరివారీగా రాసేవాళ్లు చాలా తక్కువ.

వార్తలో మొదటి వాక్యం నిర్ణయం అయి ఉండాలి. ఏం నిర్ణయించారు, ఎంత డబ్బు, ఏ ఖాతా నుంచి, ఎవరు చేయాలి, ఎప్పటిలోగా. తర్వాత ఎవరు వ్యతిరేకించారు, ఏమని. ఎన్ని అంశాలు చర్చ లేకుండా దాటిపోయాయి. సమావేశం ఎన్ని నిమిషాలు జరిగింది. ముప్పై అంశాలు ఇరవై నిమిషాల్లో అయిపోతే ఆ రెండు అంకెలూ ఒక వాక్యంలో పెట్టండి, ఇంకేమీ అనొద్దు. గొడవ జరిగితే ఆ తర్వాత రాయండి. పేరు రాసేటప్పుడు అటువైపు మాట కూడా అడిగి రాయండి, అడిగినా చెప్పకపోతే చెప్పలేదని రాయండి. కాగితంలో ఉన్నదాన్ని కాగితంలో ఉన్నట్టే రాయండి, అనుమానాన్ని ఆరోపణగా మార్చొద్దు. చిన్న ఊళ్లో అందరం అందరికీ ఏదో ఒక వరస అవుతాం. సర్పంచి బాబాయి అవుతాడు, కాంట్రాక్టరు బడిలో మనతో చదివినవాడు. టెన్షన్ ఉంటుంది, ఫోన్లు వస్తాయి, ‘మనవాడివై ఉండి ఇలా రాశావేంట్రా’ అంటారు. అప్పుడు మిమ్మల్ని కాపాడేది ఆ కాగితం నకలు, మీరు రాసుకున్న తేదీ, టైము. ఒంటరిగా వెళ్లకండి, ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లండి, పని పంచుకోండి, ఒకరు తలలు లెక్కపెడితే ఒకరు తీర్మానాలు రాయండి.

బాగా జరిగిన సభను కూడా రాయండి, ఇది మర్చిపోవద్దు. మహారాష్ట్రలో హివ్రే బజార్ అనే ఊళ్లో ఆ ఏడు ఎంత వాన పడింది, బావుల్లో ఎంత నీరుందో లెక్కేసి, దాన్ని బట్టి ఏ పంటలు వేయాలో గ్రామసభలో కూర్చుని తేల్చుకుంటారు. మన వరంగల్ వైపు గంగదేవిపల్లిలో పనికో కమిటీ వేసుకుని ఊరిని నడిపించుకున్నారు. అలాంటి ఊళ్లు ఇంకా ఉన్నాయి. ఒక కార్యదర్శి నిజాయితీగా లెక్కలు గోడ మీద అంటిస్తే, ఒక మెంబరు పట్టుబట్టి టేబుల్ ఎజెండాను వాయిదా వేయిస్తే, వాళ్ల పేరు పేపర్లో కనిపించాలి. తప్పు చేసినప్పుడే పేరు వస్తుందనుకుంటే మంచిగా చేసేవాళ్లు విసిగిపోతారు.

బల్ల మీద సమాచార హక్కు దరఖాస్తు నమూనాలు, నేను చెప్పిన ఎజెండా నమూనా ఉన్నాయి, తలా ఒకటి తీసుకోండి. మీ ఊళ్లో ఈ నెల సమావేశం ఏ తేదీనో ఇక్కడి నుంచే ఫోన్ చేసి కనుక్కోండి, నంబర్లు లేనివాళ్లు నన్ను అడగండి. ఇక ప్రశ్నలు. ఆ వెనకాల అమ్మాయి చాలాసేపటి నుంచి చెయ్యెత్తి ఉంది, ముందు తనకు మైకు ఇవ్వండి.